ఎన్నికల హుండీ

మాఘ శుద్ధైకాదశినాడు అంతర్వేదిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి రథము కదలును. వశిష్ఠ గోదావరి సముద్రమున గలియు ఆ యిసుకనేలపై నాడు కాలు మోపుటకు చోటుండదు. తీర్థము ముగిసి జనము తరలిన పిమ్మట ఆలయమున హుండీలు తెరతురు. దేవాదాయశాఖవారి యెదుట, భక్తుల యెదుట, నాణెములు వేరు, నోట్లు వేరు, బంగారు వెండి వస్తువులు వేరు చేసి లెక్కించి, ఇంత వచ్చినదని ప్రకటింతురు. అందు రూపాయి వేసినవారెవరో, లక్ష వేసినవారెవరో యెవ్వరును ఎరుగరు, అడుగువారును లేరు. ఇది గుప్తదానము. దాత మరుగున నుండుటయే దీనికి శోభ.

మా పాఠశాలలో ఎన్నికలను గూర్చిన పాఠము చెప్పుచున్న దినమున ఒక బాలుడు లేచి, "మాస్టారండీ, ఎలక్షన్లప్పుడు మా ఇంటికి కవరు తెచ్చి ఇచ్చారండీ. ఆ డబ్బు ఎవరిదండీ?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. మాకు నవ్వు రాలేదు. అభ్యర్థిదని చెప్పుదమన్న, అతడు దాఖలుచేసిన లెక్కలో అట్టి పద్దు కనబడదు. పక్షముదని చెప్పుదమన్న, పక్షము పొలము దున్నదు, వర్తకము చేయదు. దానికి ఆ ధనమెవరో యిచ్చియుండవలయును. ఆ యిచ్చినవారి పేరు మాకు దెలియదు. "రేపు చెబుతాను, కూర్చోరా" అంటిమి. ఆ రేపు చాల దినములు రాలేదు. ఈ వ్యాసము ఆ బాలునికి మేము బాకీపడిన సమాధానము.

ఎన్నికల ద్రవ్యమును గూర్చిన చట్టములు మనకు లేకపోలేదు; కావలసినన్ని కలవు. అవి పుట్టిన విధమును, అమలు జరుగుచున్న విధమును వరుసగా పరిశీలించినచో ఒక సంగతి స్పష్టపడును. ఈ చట్టములు చిరకాలముగా "ఎంత?" అని అభ్యర్థిని అడుగుచు వచ్చినవి, "ఎవరిది?" అని పక్షమును అడుగుటకు మాత్రము వెనుదీయుచు వచ్చినవి.

ఈ విద్యలో మనకు గురువులు ఆంగ్లేయులు. ఇంగ్లండులో 1880వ సంవత్సరపు ఎన్నికలలో ధనము నీటివలె ప్రవహించెను. ఆ యపకీర్తిని మాపుటకై 1883లో పార్లమెంటువారు అక్రమ ఎన్నికల నివారణ చట్టమును జేసిరి. అభ్యర్థి యింతకు మించి వ్యయము చేయరాదు. చేయు వ్యయమంతయు ఒక్క ఏజంటు చేతిమీదుగా జరుగవలయును. ఎన్నిక ముగిసిన పిమ్మట లెక్క దాఖలు చేయవలయును. ఈ మూడు సూత్రములే నేటికిని మన చట్టమునకు మూలస్తంభములు. నాటి శాసనకర్తల దృష్టిలో ఎన్నికయనగా ఒక నియోజకవర్గమున ఇద్దరు ముగ్గురు ధనవంతుల నడుమ జరుగు పోటీ. ధనవంతుని చేయి పట్టుకొన్నచో ధనమును పట్టుకొన్నట్లేయని వారు తలచిరి.

ఆ తలంపే సముద్రము దాటి మన దేశమునకు వచ్చెను. మాంటేగు–చెమ్సుఫర్డు సంస్కరణముల వెంట 1920లో ఎన్నికల నేరముల చట్టము వెలువడి, భారత శిక్షాస్మృతిలో ఒక క్రొత్త అధ్యాయమును చేర్చెను. అభ్యర్థి అనుమతి లేక ఇతరులు అతనికై ధనము వెచ్చించుట నేరమాయెను. పది రూపాయలకు మించని వ్యయమును ముందుగా అనుమతి లేకయే చేసినచో, పది దినములలోపల అభ్యర్థి వ్రాతమూలకమైన ఆమోదము పొందవలయును. తప్పినచో 500 రూపాయల వరకు జరిమానా. లెక్కలు వ్రాయనివానికిని అంతియే. నాడు 500 రూపాయలు పల్లెటూరి బడిపంతులునకు ఒక యేటి జీతమునకు మించినవి. భయము పుట్టింపదగిన మొత్తమే. కాని ఈ సంఖ్య శతాబ్దమునకు పైగా కదలలేదు. 2024 జూలై 1వ తేదీన భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినపుడు మాత్రమే అది పెరిగెను. అక్రమ వ్యయమునకు 10,000 రూపాయలు, లెక్క వ్రాయకుండుటకు 5,000 రూపాయలు గరిష్ఠ జరిమానా. నేటి ఎన్నికల ఊరేగింపులో ఒక పూట కాల్చు బాణసంచాకు ఈ మొత్తము చాలదు.

స్వతంత్ర భారతమున 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టము వచ్చెను. లోకసభకు పోటీచేయువారికి మొదటి ఎన్నికలలో గరిష్ఠ పరిమితి 25,000 రూపాయలు. ఇప్పుడు పెద్ద రాష్ట్రములలో లోకసభకు 95 లక్షలు, శాసనసభకు 40 లక్షలు. ఇవి 2022 జనవరిలో నిర్ణయింపబడినవి. కోనసీమవారికి ఈ 95 లక్షల సంఖ్య క్రొత్తది కాదు. 2020 సెప్టెంబరులో అంతర్వేది రథము దగ్ధమైనపుడు క్రొత్త రథమునకు ప్రభుత్వము మంజూరు చేసిన మొత్తము అంతియే. ఆ రథమునకు ఏ కఱ్ఱ తెచ్చిరి, ఎవరు చెక్కిరి, ఎంత కూలి యిచ్చిరి యని ఊరూర విచారించిన మనమే, అమలాపురము స్థానమున అభ్యర్థులు చూపు లెక్కను ఒక్కసారియైన తెరచి చూచియుండము.

పరిమితి యేర్పడిన వెంటనే దానిని దాటు తెరువులును ఏర్పడినవి. ఉద్యోగులు రాజద్రవ్యమును అపహరించు మార్గములను కౌటిల్యుడు నలువదింటిని లెక్కించెను. మన ఎన్నికల చరిత్రను వ్రాయువానికి ఆ సంఖ్య చాలునో చాలదో! మొదటి తెరువు 1954లోనే తేటపడెను. ఉత్తరప్రదేశమున అమేఠీ సంస్థానాధీశుని కుమారుడు పోటీచేయగా, తండ్రి యెస్టేటు మేనేజరు మొదలు బంట్రోతుల వరకు అందరును ఎన్నికల పని చేసిరి. వారి జీతములు అభ్యర్థి వ్యయమున చేరునా యని ప్రశ్న. వారు తండ్రి కొలువువారే గాని కుమారుని కొలువువారు కారు గనుక చేరవని సర్వోన్నత న్యాయస్థానము రణంజయసింహుని వ్యాజ్యమున తీర్పు చెప్పెను. చట్టము కన్ను అభ్యర్థి జేబుమీదనే యున్నది. పక్కనున్న పెట్టెను చూడలేదు. తండ్రి స్థానమున పక్షమును నిలిపినచో తక్కిన చరిత్ర యంతయు ఈ యొక్క వ్యాజ్యముననే యిమిడియున్నది.

ఇరువదియేండ్లకు న్యాయస్థానమే ఆ పెట్టెను తెరువ జూచెను. 1971లో ఢిల్లీ సదర్ స్థానము నుండి ఎన్నికైన సభ్యునిపై కన్వర్‌లాల్ గుప్తా వేసిన వ్యాజ్యమున 1974 అక్టోబరు 3వ తేదీన తీర్పు వచ్చెను. అభ్యర్థి యెరుకతో, అతని యిష్టముతో, అతని మేలునకై పక్షము చేయు వ్యయము అతని వ్యయమే యని న్యాయమూర్తి భగవతి నిర్ణయించి ఆ యెన్నికను రద్దుచేసెను. ధనికులు ముందుగా నిచ్చినది పిదప ఏదో యొక రూపమున తిరిగి కోరుదురని, అట్టి యెన్నికలో పేదవాని వోటునకు విలువ యుండదని ఆయన హెచ్చరించెను. తీర్పు వెలువడిన పదునారు దినములకు, అనగా అక్టోబరు 19వ తేదీన, ప్రభుత్వము ఒక ఆర్డినెన్సు జారీచేసి, పక్షము గాని మిత్రులు గాని చేయు వ్యయము అభ్యర్థి వ్యయము కానేరదని చట్టమున ఒక వివరణము చేర్చెను. మన దేశమున చెరువు గండి పూడ్చుటకైన ఇంత వేగముగా ఉత్తర్వు రాదు! 1975లో మరియొక సవరణము వచ్చి, లెక్క వ్రాయవలసిన కాలము నామినేషను దినము నుండియే యారంభమగునని నిర్ణయించెను. అంతకు ముందు చేయు వ్యయము లెక్కలోనిది కాదు. 1985లో న్యాయస్థానము 1974 నాటి వివరణమును చెల్లునని యొప్పుకొనక తప్పలేదు.

ఆ వివరణము 2003లో కొంత కుదింపబడెను. ఇప్పుడు మిత్రులు చేయు వ్యయము అభ్యర్థి లెక్కలోనికే వచ్చును. కాని పక్షనాయకులు ప్రచారమునకై చేయు ప్రయాణముల వ్యయము రాదు. గుర్తింపు గల పక్షమునకు అట్టి నాయకులు నలువదిమంది వరకు, గుర్తింపు లేనిదానికి ఇరువదిమంది వరకు ఉండవచ్చును. ఏ అభ్యర్థి పేరును చెప్పక పక్షము చేయు సాధారణ ప్రచారమును ఎవ్వరి ఖాతాలోను పడదు. పక్షము మొత్తముమీద ఇంతకు మించి వెచ్చింపరాదను పరిమితి మన దేశమున ఎన్నడును లేదు. ఇంగ్లండువారు ఈ లోపమును గుర్తించి 2000వ సంవత్సరపు చట్టమున పక్షములకును గరిష్ఠ వ్యయమును విధించిరి. గురువు పాఠమును దిద్దుకొనెను. శిష్యుడు పాత పలకనే పట్టుకొని కూర్చుండెను.

ఇక అమలు సంగతి. అభ్యర్థి విషయమున అది కఠినముగనే కనబడును. రాజోలు వంటి యొక శాసనసభ స్థానమును ఉదాహరణముగా దీసికొందము. అభ్యర్థి నామినేషనుకు ముందే ఎన్నికలకై ప్రత్యేకముగా బ్యాంకు ఖాతా తెరువవలయును. దినవారీ పద్దులు, నగదు, బ్యాంకు అని మూడు భాగములుగా పుస్తకము వ్రాయవలయును. ఒక మనుష్యునికి నగదుగా 10,000 రూపాయలకు మించి యీయరాదు. కుర్చీ అద్దె, టీ ధర, ఫ్లెక్సీ ధర జిల్లా అధికారి ముందుగనే నిర్ణయించి పట్టిక ప్రకటించును. సభ జరిగినచో వీడియో తీయువారు కుర్చీలను లెక్కింతురు. అభ్యర్థి పుస్తకమున కెదురుగా అధికారులు తమ నీడపుస్తకమును వ్రాయుదురు. ప్రచారకాలమున మూడుసార్లయినను రెంటిని సరిపోల్చి చూతురు. దారులలో నిఘా బృందములు కార్లను ఆపి సంచులు విప్పింతురు. ఫలితము వెలువడిన 30 దినములలోపల పూర్తి లెక్క దాఖలు కావలయును. కానిచో మూడేండ్లు అనర్హత.

ఈ వలలో పడునవి యే చేపలు? లెక్క దాఖలు చేయక అనర్హులైనవారి పట్టికలలో ఎక్కువగా కనబడువారు ఓడిన స్వతంత్రులు. పక్షమున్నవానికి ఆడిటరు ఉండును, వకీలు ఉండును. గడువు లోపల పరిమితికి లోబడిన అందమైన లెక్క చేరును. అధికారములో నున్న శాసనసభ్యుని ఒకరిని లెక్క తప్పిన కారణమున ఎన్నికల సంఘము అనర్హుని జేయుట 2011 వరకు జరుగనేలేదు. ఆ సంవత్సరము ఉత్తరప్రదేశ శాసనసభ్యురాలు ఉమ్లేష్ యాదవ్, పత్రికలలో వార్తల రూపమున వచ్చిన ప్రచారమునకు పెట్టిన వ్యయమును చూపనందుకు పదవి కోల్పోయిరి. లెక్క గడువులో చేరినదా యని మాత్రమే గాక, అది నిజమైనదా యనియు సంఘము విచారింపవచ్చునని 2014లో అశోక చవాన్ వ్యాజ్యమున న్యాయస్థానము స్పష్టపరచెను. అధికారము కలదని తేలుటకే అరువదియేండ్లు పట్టెను.

వోటర్లకు ధనము పంచినపుడు సంఘము చేతిలో నున్న పెద్ద ఆయుధము ఎన్నికనే ఆపివేయుట. పొరుగున తమిళనాడులో 2017లో రాధాకృష్ణనగరు ఉపయెన్నికను, 2019లో వేలూరు లోకసభ ఎన్నికను ఇట్లే రద్దుచేసిరి. ధనప్రభావము కారణముగా ఒక లోకసభ ఎన్నిక రద్దగుట అదియే మొదలు. కాని యిచట శిక్ష యెవరికి? ఎన్నిక మరల జరిగెను. ఆ పక్షములే మరల పోటీచేసెను. కొంతకాలము ప్రతినిధి లేక యుండినవారు ప్రజలు.

పక్షముల సంగతికి వత్తము. 1951 చట్టమున పక్షమును నమోదు చేయు ప్రకరణము 1989 వరకు లేనేలేదు. పక్షములకు పన్ను మినహాయింపు మాత్రము అంతకు పదేండ్ల ముందే 1979లో వచ్చెను. బాధ్యతకంటె బహుమానము ముందు వచ్చినదన్నమాట! మినహాయింపు కావలయునన్న లెక్కలు తనిఖీ చేయించి ఆదాయపు పన్నుశాఖకు సమర్పింపవలయును. పక్షములలో పెక్కు ఏండ్ల తరబడి ఆ పని చేయలేదని 1996లో కామన్ కాజ్ అను సంస్థ వేసిన వ్యాజ్యమున బయల్పడెను. 2003లో మరియొక నియమము వచ్చెను: 20,000 రూపాయలకు మించిన ప్రతి విరాళమునకు దాత పేరును ఎన్నికల సంఘమునకు తెలుపవలయును. "ఎవరిది?" అను ప్రశ్న మన చట్టమున స్పష్టముగా వినబడినది అప్పుడు. కాని 20,000కు లోబడిన విరాళములకు పేరు అక్కరలేదు. పెద్ద మొత్తమును చిన్నచిన్న ముక్కలుగా వ్రాసికొనుట ఎంత పని?

కంపెనీల విరాళముల కథ యింకను విచిత్రము. 1969లో వానిని నిషేధించిరి; 1985లో నిషేధమెత్తివేసిరి; 2013 చట్టమున మూడేండ్ల సగటు లాభములో నూటికి 7.5 వంతు అని హద్దు పెట్టిరి; 2017లో ఆ హద్దును తీసివేసిరి. 2018 జనవరిలో ఎన్నికల బాండ్లు వచ్చెను. బ్యాంకులో బాండు కొన్నవాని పేరు ప్రజలకు తెలియదు. ఏ పక్షమునకు చేరినదో తెలియదు. వీనిని సమర్థించినవారి మాటలలో మన గుప్తదానపు వాసన కలదు: దాత మరుగున నుండిన నేమి దోషమని. 2024 ఫిబ్రవరి 15వ తేదీన అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఆ పథకమును కొట్టివేసిరి. తన వోటు అడుగు పక్షమునకు ధనమెవరిచ్చిరో తెలిసికొను హక్కు వోటరునకు కలదని నిర్ణయించిరి.

అప్పటికి అమ్ముడుపోయిన బాండ్లు 16,518 కోట్ల రూపాయలవి. 2019 ఏప్రిలు నుండి జరిగిన వ్యవహారము 2024 మార్చిలో బయటికి వచ్చినపుడు తెలుగువారు తెలిసికొనినది చాల కలదు. భారతీయ జనతాపక్షమునకు 6,000 కోట్లకు పైగా, భారత రాష్ట్ర సమితికి 1,200 కోట్లకు పైగా, వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు 330 కోట్లకు పైగా, తెలుగుదేశమునకు 210 కోట్లకు పైగా చేరెను. దేశమున అత్యధికముగా బాండ్లు కొన్నవారిలో రెండవ స్థానము హైదరాబాదునందలి ఒక నిర్మాణ సంస్థది. ఇచ్చుట అప్పటి చట్టమునకు విరుద్ధము కాదు, పుచ్చుకొనుటయు కాదు. ఎవరిపైనను నేరము మోపుట మా యుద్దేశము కాదు. 2019లో వోటు వేసినవానికి ఈ సంగతి 2024లో తెలిసినదే యనునదే మా బాధ.

నియమము తప్పిన పక్షమును ఏమి చేయుదురు? ఇది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. దీనికి సమాధానము అన్నిటికంటె చిన్నది. విరాళముల పట్టిక దాఖలు చేయనిచో పన్ను మినహాయింపు పోవును, అంతియే. పక్షమును నమోదు చేయు అధికారము ఎన్నికల సంఘమునకు కలదు గాని, మోసముతో నమోదు పొందుట వంటి కొలది సందర్భములలో దక్క దానిని రద్దుచేయు అధికారము లేదని 2002లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2025 ఆగస్టులో 334 పక్షములను, సెప్టెంబరులో మరి 474 పక్షములను సంఘము జాబితా నుండి తొలగించెను. ఇవి ఆరేండ్లుగా ఒక్క యెన్నికకైన నిలువని పేరుమాత్రపు పక్షములు. చచ్చినవానిని పాతిపెట్టుట మంచిదే. బ్రతికియున్నవారిని అదుపుచేయుట దానివలన కాదు.

పన్నుశాఖవారి కఱ్ఱ ఒక్కొక్కప్పుడు గట్టిగనే తగులును. 2017-18 సంవత్సరపు లెక్కను గడువు దాటిన పిదప దాఖలు చేసినందుకును, నగదు విరాళములు హద్దు మీరినందుకును కాంగ్రెసు పక్షమునకు సుమారు 199 కోట్ల ఆదాయముపై మినహాయింపు చెల్లదని 2025 జూలైలో ఆదాయపు పన్ను న్యాయాధికరణము తీర్పు చెప్పెను. నియమము నియమమే. కాని ఆ బాకీకై పక్షపు బ్యాంకు ఖాతాలపై శాఖవారు చర్య దీసికొన్నది 2024 ఫిబ్రవరిలో, లోకసభ ఎన్నికల ముంగిట. పన్నుశాఖ అధికారమందున్న పక్షపు చేతిక్రిందిది. ఒక జట్టు నాయకుని చేతికి ఈల యిచ్చి ఆట ఆడించినచో, అతడు న్యాయముగా ఊదినను రెండవ జట్టు నమ్మదు.

స్వతంత్ర సంఘమును నెలకొల్పినంతమాత్రమున చాలునా యన్న, అమెరికా యనుభవము వేరొక పాఠము చెప్పును. అచట 200 డాలర్లకు మించి యిచ్చిన ప్రతివాని పేరు, వృత్తి, యజమాని పేరు కూడ ప్రకటితమగును. అమెరికా పౌరుడై యచటి అభ్యర్థికి 250 డాలర్లిచ్చిన మన కోనసీమ బిడ్డ పేరు లోకమంతయు చూడవచ్చును. కాని 1974 చట్టమున ఏర్పడిన వారి ఎన్నికల ద్రవ్యసంఘమున సభ్యులు ఆరుగురు. ఒక పక్షమువారు ముగ్గురికి మించరాదు. చర్యకు నలుగురి సమ్మతి కావలయును. ముగ్గురొకవైపు, ముగ్గురొకవైపు నిలిచి ఎన్నో వ్యవహారములు నిలిచిపోయినవి. అచట పేరు తెలియును, శిక్ష పడదు. ఇచట తరచుగా పేరే తెలియదు. రెండును గావలయును. రెంటిలో మొదటిది పేరు. తెలిసిన పేరును ప్రజలైనను విచారింపగలరు.

ఇప్పుడు హుండీ సంగతికి మరల వత్తము. దేవుని హుండీలో వేసినవాని పేరు మనకేల అక్కరలేదు? స్వామి ఎవ్వరికిని కాంట్రాక్టు ఇయ్యడు, గనులు కౌలుకియ్యడు, పన్ను తగ్గింపడు. లక్ష వేసినవానికిని కాసు వేసినవానికిని ఒకే తీర్థము. ప్రత్యుపకారమునకు తావు లేనిచోట గుప్తత్వము ధర్మము. తావున్నచోట అదియే యధర్మము. అయినను ఆ దేవుని సొమ్మునైనను మనము నలుగురి యెదుట లెక్కింపక మానము. పక్షముల హుండీకి మాత్రము దాతయు మరుగు, లెక్కయు మరుగు. దాత మనకు మరుగే గాని పుచ్చుకొన్నవానికి మరుగు కాదు. ఇట్టిదానికి గుప్తదానమను పేరు తగదు.

కావున మేము కోరునవి మూడు. పక్షముల వ్యయమునకును హద్దు విధింపవలయును. ఎంత చిన్న మొత్తమైనను దాత పేరు పుస్తకమున నుండవలయును. పెద్ద మొత్తములవి పోలింగునకు ముందే ప్రకటింపబడవలయును. నియమము తప్పిన పక్షమును విచారించి శిక్షించు అధికారము ఏ మంత్రికిని లోబడని సంఘమున కుండవలయును. 1974లో తీర్పును మార్చుటకు పదునారు దినములు చాలినవారికి, ఈ మూటికి ఒక సమావేశకాలము చాలదా?

నాలుగవది మనవల్లనే కావలయును. ఆ కవరు పుచ్చుకొన్న యింటనే "ఎవరిది?" అను ప్రశ్న మొదట పుట్టవలసియుండెను. పెద్దలకు పుట్టలేదు, బాలునికి పుట్టెను. వానికి మేము తుదకు చెప్పిన మాట యిది: "ఆ డబ్బు ఎవరిదో నాకూ తెలియదురా. తెలియకుండా ఉండేటట్టు చట్టం రాసుకున్నారు. కాని ఎవరిచ్చినా, తిరిగి తీర్చేది మాత్రం మనమే." వాడు కొంతసేపు ఊరకుండి, "అయితే అప్పన్నమాటండీ" అనెను. మేము ఇన్ని పుటలలో చెప్పినదానిని వాడు ఒక్క మాటలో చెప్పెను.